ఏడు గంటలకి సగం

చిరంజీవి లిడియాకు, ప్రభువు కృప నీకు తోడుండాలని కోరుతూ అమ్మ రాస్తున్నది. ఇక్కడ నేనూ నాన్నా ఆరోగ్యంగానే ఉన్నాం. అంతకంటే బాగున్నామని రాయలేను. కలకత్తాలో నువ్వు వేళకు తింటున్నావనుకుంటాను.

ఫోన్ ఎత్తడం లేదు కనుక ఈ ఉత్తరం. మామ్మ మంచం ఇంకా తీయలేదు. మూడేళ్ళు మంచాన ఉన్న ఆవిడకి చేసిన అలవాటుకొద్దీ నాలుగింటికే మెలకువ వస్తోంది. బడి నుంచి వచ్చేటప్పుడు పి.గన్నవరం బస్సులోనే నిద్రపోతున్నాను.

‘మామ్మ పోతోందని చెప్పకుండా ఉండడానికి నాన్నకి మనసెలా ఒప్పింది?’ అని మెసేజ్ పెట్టావు. చెబుతాను.

ముందురోజు ఫోన్‌లో నువ్వే అన్నావు. “ఆ అస్టాటిన్ రేపు పొద్దున్న ఆరింటికి చేతికొస్తుందమ్మా. ఏడు గంటలకి సగం పోద్ది, ఇంకో ఏడు గంటలకి అందులో సగం. దాచుకోడానికుండదు. మళ్ళీ మా వంతు ఎనిమిది నెలలకి.” ఆ రేడియోధార్మిక పదార్థం కేన్సర్ మందుకు పనికొస్తుందేమో మీ ల్యాబులో చూడాలన్నావు. నీ గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు.

తెల్లారేసరికి మామ్మకి ఊపిరి మారింది. నాన్న ఫోన్ తీశారు.

“సాయంత్రం చెబుదామండీ,” అన్నాను.

“మా అమ్మ వెళ్ళిపోతోంది. దానికి చెప్పొద్దా?”

“చెబితే అన్నీ వదిలేసి వచ్చేస్తుందండీ.”

ఫోన్ ఆయన చేతిలోంచి నేనే తీసుకున్నాను లిడియా. ఆయన అరుగు మీద కూర్చుండిపోయారు. సాయంత్రం దాకా నీకు చెప్పనిది నేను. మర్నాడు వాన ముంచుకొస్తోందని పదకొండింటికే సమాధి చేసేశారు. నువ్వు రెండింటికి వచ్చావు. “నేనే వద్దన్నాను,” అని నాన్న ముందుకొచ్చి నిలబడ్డారు. నేను నోరు విప్పలేదు. ఐదు వారాలుగా విప్పలేదు.

ఇంకొకటి ఉంది. మామ్మ కళ్ళు తెరిచి, “లిడియమ్మ వచ్చిందా?” అంది. “రావులపాలెం దాటిందండీ, వచ్చేస్తోంది,” అన్నాను. ఆవిడ గుమ్మంవైపు చూస్తూనే తొమ్మిదింటికి వెళ్ళిపోయింది.

మంచే చేశానని ఆ పొద్దున అనుకున్నాను. ఇప్పుడు తెలియడం లేదు. ఆ పని ఫలించిందో లేదో నువ్వు చెప్పలేదు, అడగడానికి నాకు మొహం లేదు.

ఈ ఉత్తరం రాస్తున్నట్టు నాన్నకి తెలియదు. ఆదివారం పదకొండింటికి ఆయన చర్చి నుంచి వచ్చేస్తారు. ఆయనకి ఫోన్ చెయ్యి. నేను పక్కన ఉండను. నాతో మాట్లాడాలని ఎప్పుడనిపిస్తే అప్పుడే మాట్లాడు.

ఇట్లు,
నీ అమ్మ