మూడు దెబ్బలు, ఒక గీరుడు

జూన్ 12

ప్రియమైన అమ్మమ్మా,

ఇవాళ నన్ను లేపింది గోడ! తెల్లవారకముందే పక్కింటి నుంచి మూడు దెబ్బలు, ఆ తర్వాత గోళ్లతో ఒక గీరుడు. నేను ముసుగు తన్ని ఊపిరి బిగబట్టాను. పక్కింట్లో ఉన్నది ఒక్క ముసలావిడేనట.

నువ్వు పెరిగిన మిల్లు ఇళ్ల వరుసలో, మీ ఇంట్లోనే గది దొరికిందని రాశాను కదా. ఒక్కసారి వచ్చి చూడవూ?

భయస్తురాలైన నీ మనవరాలు

జూన్ 17

బంగారుతల్లీ,

భయమెందుకే? అది మా వరుస అలారం. యుద్ధం రోజుల్లో మిల్లు సైరన్ విమానాలొస్తేనే మోగాలన్నారు. షిఫ్టుకి కూత లేదు. అందుకని మొదటింటివాళ్లు లేచి గోడ మీద మూడు కొడితే, పక్కింటివాళ్లు లేచి అవతలి గోడ మీద మూడు. అలా చివరింటిదాకా.

ఒక సాయంత్రం మా నాన్న దీపం వెలుగు విమానాలకి కనబడకుండా కిటికీకి నల్లగుడ్డ కట్టాలని పక్కగోడకి మేకు కొట్టాడు, సరిగ్గా మూడు దెబ్బలు. కిటికీలన్నీ మూసి ఉంటే లోపల పొద్దో మాపో ఎవరికి తెలుసు? కునుకు తీస్తున్న వరుసంతా ఖాళీ క్యారియర్లు పట్టుకుని మిల్లు గేటుకి పరుగు! పక్కింటి నేత మామయ్య తిరిగొచ్చి, "బావా, మేకు గోడకి కొట్టావా, నా నిద్రకి కొట్టావా?" అన్నాడు. ఆయన కూతురు, మేం బొంగరం అని పిలిచేది, నా ప్రాణం. తర్వాత మేం ఊరు మారాం, దాని కబురే లేదు.

రమ్మంటే మోకాళ్లు ఒప్పుకోవు తల్లీ. వచ్చినా పలకరించేవాళ్లెవరు?

ఆగాగు, గీరారన్నావా? వరుసలో ఎవరూ గీరేవాళ్లు కాదే! "నేనూ లేచానే" అని బొంగరం, నేనూ మాత్రమే గీరుకునేవాళ్లం. నువ్వూ తిరిగి కొట్టి చూడు.

నీ అమ్మమ్మ

జూన్ 22

ప్రియమైన అమ్మమ్మా,

కొట్టాను, గీరాను. అవతల గిన్నె దభాలున పడింది. ఆవిడ చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి, నన్ను చూసి తెల్లబోయి, "ఇదేమిటే, నేనొక్కదాన్నే ముసలిదాన్నయ్యానా?" అంది! నీ మనవరాలినని చెప్తే నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"ఈ గదిలో అలికిడైతే చాలు, మర్నాడు తెల్లారేలోపు కొడతాను. వచ్చినవాళ్లంతా ఇల్లుగలాయనకి ఫిర్యాదు చేశారు తప్ప, ఒక్కరూ తిరిగి గీరలేదు" అంది. అలికిడి! ఎంత బాగుందమ్మమ్మా ఈ మాట!

నీ మోకాళ్ల సంగతి చెప్పాను. "మేకు చప్పుడుకి ఊరంతా లేచి పరుగెత్తిందే, దాని మోకాళ్లు లేవవా?" అంది.

జవాబు కోసం గుమ్మంలోనే కూర్చున్న నీ మనవరాలు

జూన్ 27

తల్లీ,

మధ్యాహ్నం బస్సుకి అటు వస్తున్న మీ మామయ్య చేత ఈ చీటీ పంపుతున్నాను. నేను రాత్రి రైలెక్కుతున్నాను. మోకాళ్లని అడగలేదు.

బొంగరానికి చెప్పావో, నీ వీపు విమానం మోతే! రేపు పొద్దున్నే తలుపు తీసి పెట్టు. గోడ మాత్రం ముట్టుకోకు. నేను కొడతాను.

నీ అమ్మమ్మ