ఆగిపోయిన రక్తం

ఒరేయ్ చిన్నోడా,

నీ ఉత్తరం చదివి మీ బావ పడీ పడీ నవ్వారు. నాకు మాత్రం గుండె ఝల్లుమంది. సిగరెట్లు మొదలెట్టాక చిగుళ్ల నుంచి రక్తం రావడం మానేసిందనీ, పళ్ల డాక్టరు కంటే పొగే నయమనీ రాశావు. పైగా ముందుపళ్ల మధ్య సందు పెరిగి, బట్టలు కుట్టేటప్పుడు దారం కొరకబోతే జారిపోతోందని వేళాకోళం ఒకటి!

పళ్లాసుపత్రిలో రోజూ ఎక్స్‌రేలు తీసేదాన్ని కదరా, నా మాట విను. చిగుళ్లు వాచినప్పుడు అక్కడి కణాలు ఎముకకు రసాయనాలతో కబురు పెడతాయి. ఆ కబుర్లు ఆగకపోతే, ఎముకను తినే కణాలు పోగై, పంటి చుట్టూ ఉన్న ఎముకను కొద్దికొద్దిగా కరిగించేస్తాయి. నొప్పి కూడా తెలియదు. మనకు కనబడేది ఆ కాస్త రక్తమే. పొగ రక్తనాళాల్ని బిగించి దాన్ని కూడా దాచేసింది. లోపల కబుర్లు నడుస్తూనే ఉన్నాయి.

కుట్టు మిషను ఆపి, మా పళ్లాసుపత్రిలో చూపించుకోవడానికి రేపే బస్సెక్కు. అప్పటిదాకా దారం కత్తెరతోనే తెంపు. పొగ మానేశాక మళ్లీ రక్తం కనబడితే కంగారుపడకు. పొగ దాచింది బయటపడుతోందని నేనైతే సంతోషిస్తాను.

నాన్న కూడా నీలాగే మురిసిపోయేవాడు, గుర్తుందా? చేతిలో సిగరెట్ పట్టుకుని, "నా చిగుళ్లు ఉక్కురా, చుక్క రక్తం రాదు" అనేవాడు. ఓసారి ఆ మాట అంటుండగానే పన్ను ఊడి ఒళ్లో పడింది.

చుక్క రక్తం రాలేదు.

అక్క