బ్రహ్మకపాలంలో చెప్పాల్సిన పేరు

అప్పాయమ్మక్కకు నీ తమ్ముడు అబ్బులు దండాలు. ఫోన్లో నీకు మాట వినపడదని కార్డు రాస్తున్నాను.

అక్కా, మా అబ్బాయి ఉదయ్‌కుమార్ బంగారుకొండ! దసరా వెళ్ళగానే నన్నూ నీ మరదలినీ బదరీనాథ్ తీసుకెళ్తున్నాడు. రాజమండ్రిలో కనపడినవాళ్ళందరికీ చెప్పేశాను. అక్కడ బ్రహ్మకపాలంలో మన పెద్దలకు పిండాలు పెట్టాలి కదా, మాతో వస్తున్న పంతులుగారు ముందే ఇంటికొచ్చి పేర్లు అడిగారు.

"మీ అమ్మమ్మగారి పేరండి?"

"అమ్మమ్మేనండి" అన్నాను.

"అది మీకండి. అక్కడ నన్నేమని చెప్పమంటారు?"

కోడలు పక్కకు తిరిగి నవ్వింది. సిగ్గుతో నా తల లేవలేదు. అమ్మ పోయాక చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి మనిద్దరినీ సాకిన మనిషి అక్కా! ఆవిడ పేరేంటని ఏనాడూ అడగలేదు.

నీకు తెలిస్తే వెంటనే రాయించు. తెలియకపోతే ఆవిడ పుట్టింటివైపు ఎవరినైనా అడిగించు. ఆ పేరు లేకుండా నేను కొండెక్కలేను. కంట్లో చుక్కలు మానకుండా వేయించుకుంటున్నావా?

ఈ కార్డు చదివిపెడుతున్న నీ కోడలు బేబీకీ, పిల్లలకీ నా ఆశీస్సులు. నీ పేరు అప్పాయమ్మ అని ఆ పిల్లలకు తెలుసో లేదో, ఇవాళే దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పు.