తోటలో దారి సంగతి

అమ్మా, సాలూరులో నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు. ఫోనులో అరిచినా నీకు వినపడదు, చెల్లికి చెబితే నీకు సగమే చెబుతుంది. అందుకే ఈ కార్డు.

మన కొబ్బరితోటలో కట్టబోయే ఇంటికి పర్మిషను ఆగిపోయింది. ప్లాను గీసిన ఇంజనీరు నిన్న ఫోను చేశాడు. స్థలం చూడటానికొచ్చిన ఆఫీసరు "తోటలో దారేమైనా ఉందా?" అని అడిగితే, నువ్వు ఆయనకు బొండాం కొట్టించి ఇచ్చి మరీ, "దారి నేకపోడమేటి బాబూ! ఊరోల్లందరూ వలలట్టుకుని మా తోటలోంచే సముద్రానికి ఎల్తారు. ఎవులినీ ఎప్పుడూ ఒద్దన్నేదు" అన్నావట. మనం ఇల్లు గీయించింది సరిగ్గా ఆ దారి మీదే. జనం నడిచే దారి మూసి కట్టడానికి వీల్లేదని ఆయన రాసుకుపోయాడు. అంత వివరం నిన్నెవరు అడిగారమ్మా? లారీ నడుపుతున్నంతసేపూ ఇదే నా బుర్ర తినేస్తోంది.

వచ్చే శుక్రవారం ఆయన మళ్ళీ వస్తాడట. ఈలోగా దారికి అడ్డంగా ముళ్ళకంప వేయించు. అడిగితే ఇటు ఎవరూ నడవరని చెప్పు. చెల్లికి జ్వరం తగ్గిందా? వంటపాక ఇంకా కారుతోందా? ఎండు నెత్తళ్ళు కాసిని ఎవరిచేతైనా పంపు.

చోటు లేక ఇది అంచున రాస్తున్నాను. కంప వద్దులే. రోజూ ఆ దారినే వేటకెళ్ళే ఎల్లాజీ మావ ఆ వయసులో నెత్తిన వలతో ఊరంతా చుట్టి వెళ్తుంటే నువ్వు చూడలేవు, నేనూ చూడలేను. ఇల్లు ఓ పక్కకు జరిపి, కాస్త కుదించి గీయమంటాను. మావకు నా దండాలు చెప్పు. వంటిల్లు ఇరుకైందని మాత్రం రేపు నన్ను తిట్టకు.

నీ లక్ష్మణరావు