సున్నా మంది ఉన్న ఊరు

హర్మేలా,
జూలై 9

జనాభా లెక్కల గుమాస్తా నూరద్దీన్ గారికి,

సలాం చెప్పాలని లేదు, అయినా చెబుతున్నాను.

మా ఊరిని చంపినవాడు మీ ఆఫీసు లెక్కల మనిషి. జూన్‌లో వచ్చి, తలుపులకు గొళ్ళాలు చూసి, జనాభా సున్నా అని రాసుకుని పోయాడు. జూన్‌లో ఊరంతా గొర్రెలతో పైకొండ మేతకు పోతుందని మా కుక్కలకు కూడా తెలుసు. ఇంకాస్త పైకి ఎక్కి ఉంటే నలభై ముగ్గురం నల్ల గుడారాల్లో మజ్జిగ తాగుతూ దొరికేవాళ్ళం. బూట్లు పాడవుతాయనుకున్నాడు కాబోలు.

సున్నా మందికి బడి దేనికని, దాన్ని ఎత్తేస్తామంటూ ఇప్పుడు కాగితం వచ్చింది. నేను అక్షరాలు దిద్దుకున్న బడి అది. నా చెల్లెలు షిలాన్‌తో కలిపి తొమ్మిదిమంది పిల్లలున్నారు. ఇంకో బడి రెండు కొండల అవతల. శ్రామికులను అంకెల్లోంచి చెరిపేయడం పాలకవర్గానికి అలవాటేనని చదివాను.

ఇట్లు,
లేని ఊళ్ళో లేని మనిషి,
హెరిష్

తా.క.: తాను లేడని తెలిసి మా ఊరి పెద్ద సోఫీ మామ సంబరపడుతున్నాడు. "లేనివాణ్ణి కట్టెలు కొట్టమని మీ అత్త ఎట్లా పంపుతుందిరా" అంటున్నాడు.


జూలై 27

చిరంజీవి హెరిష్‌కు ఆశీస్సులు.

నీ ఉత్తరంలో తిట్లు పదకొండు, వివరాలు రెండు. నిబంధన విను. లెక్క రాసే రాత్రి ఎవరు ఏ ఇంట్లో పడుకుంటే ఆ ఊరివారు. గుడారం ఇల్లు కాదు. ముప్పైమంది ఉంటే బడి ఉంటుంది. మీరు కొండ దిగాక, సెప్టెంబరు పదిన నేనే వస్తాను. ఇంటి పెద్ద ఏం చెబితే అది రాస్తాను, నా సొంత తెలివి కలపను.

ఇట్లు,
నూరద్దీన్

తా.క.: మీ కుక్కలకు అన్నీ తెలుసన్నది నిజమే. మా మనిషి మడమ ఎక్కడుందో కూడా వాటికి తెలిసింది.


ఆగస్టు 15

నూరద్దీన్ గారికి,

సొంత తెలివి కలపనన్నారు, లేనిదాన్ని ఎట్లా కలుపుతారు? రండి. జనమే బలమని చదివాను. ఒక్క మనిషీ లేడన్న ఊళ్ళో ఇసకేస్తే రాలనంత జనాన్ని చూపిస్తాను. అతిథి వస్తే చుట్టుపక్కల ఊళ్ళను పిలవడం ఎట్లాగూ మా పద్ధతే.

ఇట్లు,
హెరిష్

తా.క.: "సర్కారు మనిషి అన్నం తింటాడా, కాగితాలే తింటాడా" అని మామను కట్టెలకు పంపే ఆమినా అత్త అడుగుతోంది.


సెప్టెంబరు 18

చిరంజీవి హెరిష్‌కు,

లెక్క పూర్తయింది. హర్మేలా జనాభా రెండు వందల పద్నాలుగు. ఆమినా గారి ఇంట్లోనే అరవై ఒక్కరు. "వీళ్ళంతా మీ ఇంటివాళ్ళేనా అమ్మా" అని అడిగాను. "నా రొట్టె నోట్లో ఉన్నవాణ్ణి నా ఇంటివాడు కాదనమంటావా? మీ అమ్మ నీకు నేర్పిందేమిటి?" అని గరిటె ఎత్తింది. అందరూ అక్కడే పడుకున్నారు, కొందరి కాళ్ళు గడప బయట. రాశాను.

రెండు వందలు దాటిన ఊరికి పోలీసు ఠాణా తప్పనిసరి. మీ ఊళ్ళో సర్కారు కట్టడం బడి ఒక్కటే. అక్టోబరు మూడు, గురువారం పొద్దున ఎనిమిదికి ఠాణా కోసం దాన్ని ఖాళీ చేయిస్తారు. జనం కావాలన్నావుగా.

ఇట్లు,
నూరద్దీన్

తా.క.: గొడుగు మీ అత్త ఇంట్లో మరచిపోయాను. ద్రాక్షాకుల్లో చుట్టిన ఆ అన్నం చాలా బాగుంది. ఆ మాట రాయడానికి రిజిస్టరులో గడి లేదు.


సెప్టెంబరు 24

మా ఊరి నూరద్దీన్ గారికి,

పక్క ఊళ్ళను పిలిచింది నేనే. జనం ఎక్కువైతే బడి పోతుందని నా కరపత్రాల్లో ఎక్కడా లేదు. మూడు రోజులుగా షిలాన్ నాతో మాట్లాడటం లేదు.

అయితే మీరు సోఫీ మామకు ఇచ్చిన రిజిస్టరు నకలు చదివాను. ఆమినా అత్త ఇల్లు, అరవై ఒకటో పేరు: నూరద్దీన్, యాభై రెండేళ్ళు, గుమాస్తా. "మూల కూర్చుని రాస్తున్న ఆ బక్కాయన్ని వదిలేశావే" అని అత్త మిమ్మల్నే అంటే, మీరు వంచిన తల ఎత్తకుండా రాసుకున్నారు. ఆ రాత్రి అక్కడే పడుకున్నారు, గురక కూడా పెట్టారు. సొంత తెలివి మాత్రం కలపలేదు, ఒప్పుకుంటాను.

మీరు మా ఊరివారు కాదంటారా? అయితే తతిమ్మా నూట డెబ్బైమంది అతిథులూ కారు. అందరినీ కొట్టేయండి. నలభై ముగ్గురం మిగులుతాం, బడీ మిగులుతుంది. అవునంటారా, అయితే ఊరివాడిగా వచ్చి మాతో నిలబడండి. రెండు వందల పదమూడుమందికీ కబురు పంపాను. ఒక్కరే తక్కువ.

ఇట్లు,
హెరిష్

తా.క.: మీ గొడుగు బడి గుమ్మానికి తగిలించాం. ఇంటివాడు ఖాళీ చేతులతో రాకూడదట, రిజిస్టరు పట్టుకుని రమ్మంది అత్త. గురువారం, పొద్దున ఏడున్నరకు, ఠాణావాళ్ళకన్నా ముందే.