నా నూనె నాకు పంపించు

మరాంగ్
నాయనా హజ్వాన్, అస్సలాము అలైకుం.
రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ అప్పుకి చెయ్యి చాపడమే సిగ్గు. అదీ ఫోన్‌లో, మనవడి వయసువాడి ముందు. ఏం చెయ్యను? వానలు పడితే చేప వడియాలు ఎండవు. ఆరబెట్టే యంత్రం కొనకపోతే నా దగ్గర పనిచేసే ఆడవాళ్ళు ఇంటికి పోవాల్సిందే.

మీ అప్పుల కంపెనీ పంపిన కాగితం చదివాను. వడ్డీ మన మతంలో హరాం కాబట్టి నాకు పామాయిల్ అరువుకి, కాస్త ఎక్కువ ధరకి అమ్ముతారట. మళ్ళీ నా తరఫున మీరే దాన్ని రొక్కానికి అమ్మేసి, ఆ డబ్బు నాకిస్తారట. అంతా రెండు నిమిషాల్లో! కంటితో చూడని నూనెను ఎలా అమ్మను? ముందు నా నూనె నాకు పంపించు.
ఇట్లు, వాన్ కల్సోమ్
తా.క.: నన్ను ‘డియర్ యూజర్’ అన్నదెవరు? మా నాన్న ఆ పేరు పెట్టలేదు.

కౌలాలంపూర్
కల్సోమ్ టీచర్ గారికి, వ అలైకుం అస్సలాం.
నూనె అడిగే హక్కు మీకుంది. ఆ నిబంధన ఇంతవరకూ ఎవరూ చదవలేదు, నేను కూడా. కానీ నూనె తీసుకుంటే డబ్బు రాదండీ. దయచేసి యాప్‌లో ‘అమ్మండి’ నొక్కండి.
విధేయుడు, హజ్వాన్
తా.క.: పొరపాటున ‘పంపండి’ నొక్కకండి. పక్కనే ఉంటుంది.

మరాంగ్
హజ్వాన్, నొక్కాను. పొరపాటున కాదు. నూనె లేదు కాబట్టే నన్ను బెదిరిస్తున్నావు.
కల్సోమ్
తా.క.: రాగానే వడియాలు వేయించి రుచి చూస్తాను.

మరాంగ్
బాబూ హజ్వాన్,
లారీ వచ్చింది. శుక్రవారం, సరిగ్గా నమాజు విడిచే వేళకి. పీపాలు దించుతుంటే మసీదంతా మా వాకిట్లోనే ఉంది. “మిల్లు పెడుతున్నారా టీచరమ్మా?” అన్నారు ఇమాం గారు. “వడియాలు వేయించడానికి” అన్నాను దర్జాగా. మూత తీస్తే ఎర్రటి బురద! “శుద్ధి చెయ్యని సరుకమ్మా, తినేది కాదు” అన్నాడు డ్రైవరు, ఊరంతా వినేలా. నా దగ్గర వడియాలు పెట్టే సల్బియా తలముసుగు అంచు నోట్లో కుక్కుకుని నవ్వింది. తర్వాత మెల్లిగా, “అయితే యంత్రం రాదా?” అంది. తలెత్తలేకపోయాను.

ఇక్కడ దీన్ని కొనేవాడు లేడు. తప్పు నాదే. వెనక్కి తీసుకో నాయనా.
కల్సోమ్
తా.క.: ఈ ఉత్తరం మీ కాగితానికి సరేనన్న మతపండితులకి చూపించకు.

కౌలాలంపూర్
టీచర్ గారికి,
క్షమించండి, చూపించాను. మీ లారీ కదిలినప్పటినుంచీ మా యాప్‌లో ఒక్క అప్పూ కదల్లేదు. గోదాముకి వెళ్ళి చూస్తే ఖాళీ. ఇన్నాళ్ళూ వచ్చినవాళ్ళందరికీ అమ్మింది మీ వాకిట్లో ఉన్న ఆ పీపాలనేనట! పండితులు తలలు దించుకున్నారు. నేను వాళ్ళ వెనకాల దాక్కున్నాను.

మీకు అరువుకి అమ్మిన ధరలో ఒక్క సెన్ నాణెం తగ్గించి మళ్ళీ మేమే కొన్నా అది వడ్డీయే అవుతుందన్నారు. కాబట్టి పూర్తి ధర, రొక్కంగా తెస్తున్నాం. యంత్రం బేరం ఖాయం చేసుకోండి.
సిగ్గుతో, హజ్వాన్
తా.క.: లారీ మీద కంపెనీ పేరు కనపడకుండా గుడ్డ కప్పి వస్తాం. ఎవరైనా అడిగితే మేం ఎవరో తెలియదని చెప్పండి.