పుల్లబడిన నేల

రొద్దం, ఏప్రిల్ 6

ప్రియమైన ప్రమోదకు,

ఫోన్‌లో నీ గొంతు వింటే అసలు మాట మరిచిపోతాను, అందుకే కాగితం మీద పెడుతున్నా. ఈసారీ శనక్కాయలు సగం గింజ లేని లొట్టలే. నువ్వు మగ్గం పనికి పోయిన ఏడాది నుంచీ ఇదే వరస. ఆమ్లం పెరిగి నేల పుల్లబడిందేమో, అదే నిజమైతే సున్నపురాయి పొడి చల్లితే కాయ నిండుతుందని వ్యవసాయాఫీసరు అన్నాడు. ముందు పరీక్ష చేయించమన్నాడు. చేనులో ఎనిమిది చోట్ల తవ్వి కలిపిన మట్టిని బస్సులో పంపుతున్నా, ధర్మవరం ఆఫీసులో ఇచ్చిరా. పుల్లబడి ఉంటే బాగు చేసుకుంటా. ఏ లోపమూ లేదంటే ఇక నేను చేయగలిగింది లేదు, నీ దగ్గరికే వచ్చి మగ్గం నేర్చుకుంటా.

నీ ధనుంజయ

ధర్మవరం, ఏప్రిల్ 29

ప్రియమైన బావకు,

పరీక్ష కాగితం వచ్చింది. నేలలో ఏ లోపమూ లేదట, సున్నం అక్కర్లేదట.

నా పక్క మగ్గం ఖాళీగానే ఉంది. మగ్గాలామె తిమ్మక్క నీకోసం అట్టే పెట్టింది. మధ్యాహ్నం పట్టు మీద ఎండ పడితే నాకు కళ్లు మూతలు పడతాయి. అప్పుడు నువ్వు ఆ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చున్నట్టే ఉంటుంది, దారంతో అటూ ఇటూ పోయే నాడె చప్పుడు కూడా వినిపిస్తుంది. కళ్లు తెరిస్తే ఎవరూ ఉండరు. వచ్చెయ్యి బావా.

నీ ప్రమోద

రొద్దం, మే 17

ప్రియమైన ప్రమోదకు,

వచ్చే సోమవారం వస్తున్నా. చేను కౌలుకిస్తానని నాయన అన్నాడు.

ఒక్క సంగతి చెప్పుకోవాలి. నేల మంచిదైతే లోపం నా చేతిదే కదా. మొన్న పక్క చేని ఈరక్క వచ్చింది. ఊళ్లో తొలి గింజ నా చేత వేయించందే ఎవరూ విత్తరని నీకు తెలుసు. "వాన పడితే నువ్వే వచ్చి ఎయ్యాల నాయనా" అంది. "వద్దక్కా, నా చెయ్యి మంచిది కాదు" అన్నాను. ఆమె తిరిగి వెళ్లిపోయింది. ఇప్పుడు కలలో కూడా గింజలు నా వేళ్ల మధ్య పొట్టులా ఎగిరిపోతున్నాయి.

నీ ధనుంజయ

ధర్మవరం, మే 19

ప్రియమైన బావకు,

సోమవారం రావద్దు. అసలు కాగితం ఈ కవరులో పెట్టాను, చదువు. మన నేల పుల్లబడింది. వానలకు ముందే సున్నపురాయి పొడి చల్లి కలియదున్నమని, ఎకరానికి ఎంతో కూడా రాసిచ్చారు. నాకు ఏప్రిల్‌లోనే తెలుసు. చెబితే నువ్వు చేను వదలవని, పక్క మగ్గం ఎప్పటికీ ఖాళీగానే ఉంటుందని దాచిపెట్టాను.

నువ్వు చేను వదులుకుంటావనుకున్నా గానీ నీ చెయ్యినే అనుమానిస్తావని అనుకోలేదు. ఆ ఉత్తరం చదివినప్పటి నుంచి చీరలో ప్రతి పువ్వూ తప్పు పడుతోంది, విప్పి మళ్లీ నేస్తున్నా. సిగ్గుగా ఉంది.

వానకు ఇంకా మూడు వారాలున్నాయి, పొడి చల్లడానికి చాలు. పక్క మగ్గం ఎవరికైనా ఇచ్చుకోమని తిమ్మక్కకు చెప్పేశాను. ఈ చీర మగ్గం మీంచి దించాక నేను రావాలో వద్దో నువ్వే చెప్పు, ఏం చెప్పినా వింటాను.

అంతకంటే ముందు ఈరక్క ఇంటికి పో. తొలి గింజ వేస్తానని చెప్పు. నీ చెయ్యి మంచిదే బావా, అబద్ధం చెప్పింది నేను.

ప్రమోద